మైకు మోతకు ఓటరు మెదడు లొంగుతుందా? సీమ వాళ్లు చెప్పండి

పెన్నాగట్టు, అనంతపురం
మా పాత క్లాస్‌మేట్ల గ్రూపులో ఒకాయన తెగేసి చెప్పినాడు: "ఓటరు ఆలోచించడు. నినాదం వింటే ఉద్రేకం పుడుతుంది, వేలు బటన్ మీదికి పోతుంది. సైన్సు తేల్చేసింది." నేను ఒప్పుకోను.

ఆయన చూపించిన ఆధారం ఎమొరీ యూనివర్సిటీలో డ్రూ వెస్టెన్ బృందం 2004 అమెరికా ఎన్నికలప్పుడు చేసిన పరిశోధన. పార్టీ అంటే ప్రాణం పెట్టే 30 మంది మగవాళ్లను మెదడు స్కానర్లో పడుకోబెట్టి, బుష్, కెర్రీ మాటల్లో ఒకదానికొకటి పొసగనివి చూపించినారు. అవతలోడి తప్పు టక్కున కనపడింది, తమ నాయకుడి తప్పుకు మాత్రం సర్ది చెప్పుకున్నారు. ఆ సమయంలో నిదానంగా తర్కించే భాగాల్లో పెద్దగా చలనం లేదు, భావోద్వేగాలకు సంబంధించిన భాగాలే చురుగ్గా ఉన్నాయి.

సరే. కానీ వాళ్లంతా ముందునుంచే పార్టీ మనుషులు. ఎటూ తేల్చుకోని ఓటరు ఆ స్కానర్లోకి ఎక్కనే లేదు. సీమలో 52 అసెంబ్లీ సీట్లుంటే వైసీపీకి 2019లో 49 వచ్చినాయి, 2024లో 7. రెండుసార్లూ నినాదాలు హోరెత్తినాయి. నినాదమే ఓటును లాగేదైతే ఇంత తేడా యాడ నుంచి వచ్చింది? మనిషి లోపల ముందే ఉన్న కోపానికో ఆశకో నినాదం ఒక పేరు పెడుతుంది, అంతే అంటాను.

బురుజు కింద, కర్నూలు
అన్నా, పదేపదే వినడంలో ఉండే బలాన్ని నువ్వు పక్కన పెట్టేసినావు. 1977లోనే హాషర్, గోల్డ్‌స్టీన్, టొపినో అనే ముగ్గురు దీన్ని పరీక్షించినారు. కొన్ని వాక్యాలను వారాల తేడాతో మళ్లీ మళ్లీ వినిపిస్తే, అవి నిజమో అబద్ధమో తేలకపోయినా, విన్నకొద్దీ నిజమే అనిపించినాయి జనాలకు. 2015లో లీసా ఫాజియో బృందం ఇంకో మెట్టు ఎక్కి, అసలు నిజం తెలిసినవాళ్లు కూడా దీనికి లొంగుతారని చూపించింది.

2019లో "రావాలి జగన్, కావాలి జగన్" పాట మా వీధిలో ఆటో మైకులో పొద్దున, సాయంత్రం మోగేది. మా ఇల్లంతా వేరే పార్టీ. అయినా మా అక్క కూతురు అన్నం ముద్ద నోట్లో పెట్టుకోని అదే పాడేది. వాళ్లమ్మ కసిరితే గొంతు తగ్గించి పాడేది. ఎవరి అనుమతీ అడగకుండా లోపలికి పోయే దాన్ని "పేరు పెడుతుంది, అంతే" అంటే ఎట్లా?

పెన్నాగట్టు
పాట నోట్లో ఆడింది, నిజమే. మీ ఇంటి ఓటు మారిందా తమ్ముడూ? రాష్ట్రంలో ఉండే 175 సీట్లూ మావే అని వైసీపీ వాళ్లు "వై నాట్ 175" అంటుంటే 2024కు ముందు ఎంతకాలం విన్నాం! వచ్చింది 11. 2004లో బీజేపీ వాళ్ల "భారత్ వెలిగిపోతోంది" అన్నది దేశమంతా మోగింది. వరుస కరువుతో బోర్లు ఎండిపోయి, అప్పుల్లో కూరుకుపోయిన మా జిల్లా రైతుకు ఏం వెలిగింది? ఫాజియో పరీక్షలోవి పుస్తకాల్లో దొరికే సంగతులు. నీ బోరులో నీళ్లున్నాయో లేవో నీకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు, లక్షసార్లు చెప్పినా అది మారదు.

దేవుని కడప
మీరిద్దరూ ఉద్రేకం అంటే బుద్ధికి శత్రువు అన్నట్టు మాట్లాడతా ఉండారు. మెదడు ముందు భాగం దెబ్బతిన్న రోగులను చూసిన డాక్టరు ఆంటోనియో డమాసియో చెప్పింది వేరే. వాళ్ల తెలివి చెక్కుచెదరలేదు, లెక్కలు బాగానే చేసేవాళ్లు. అనుభూతి మాత్రం మొద్దుబారింది. దాంతో సొంత బతుకులో చిన్న నిర్ణయం కూడా సరిగ్గా తీసుకోలేకపోయినారు. అంటే భావోద్వేగం లేకుండా ఓటు వేయడమే కుదరదు. ఆ ఉద్రేకానికి కారణం నిజమైనదా కాదా అన్నదొక్కటే అడగాలి.

ఎన్టీఆర్ 1982 మార్చి 29న పార్టీ పెట్టి, "తెలుగువారి ఆత్మగౌరవం" అని తిరిగి, 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయినాడు. మాట మహిమేనా? 1978 నుంచి అప్పటిదాకా ఢిల్లీ వాళ్లు నలుగురు ముఖ్యమంత్రులను కూర్చోబెట్టినారు: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, చివరికి మన కర్నూలు కోట్ల విజయభాస్కరరెడ్డి. జనానికి అవమానం అనిపించింది. అనిపించడానికి కారణం కళ్లెదుటే ఉంది. పైగా దాని పక్కనే కిలో రెండు రూపాయల బియ్యం కూడా ఉంది. కడుపును, మనసును విడదీసి చూడలేం.

బుడ్డల రైతు, ధర్మవరం దగ్గర
స్కానర్లు నాకు తెల్దు సామీ. 2004 మే 14న వైఎస్ ప్రమాణం చేసి ఉచిత కరెంటు మీద సంతకం పెడితే మా నాయన కండ్లలో నీళ్లు తిరిగినాయి. బిల్లు కట్టలేదని లైన్‌మన్ వచ్చి మోటరు ఫ్యూజు పీక్కపోయిన రోజులు చూసినాడు ఆయన. దాన్ని ఉద్రేకం అంటారో లెక్క అంటారో మీరే చెప్పండి.

బురుజు కింద
ఆశ సంగతి ఒప్పుకుంటా. భయం సంగతి చెప్పండి. 2024లో, భూమి హక్కులను సర్కారు రికార్డులో ఖాయం చేసే ల్యాండ్ టైట్లింగ్ చట్టం గురించి "మీ భూమి మీది కాకుండా పోతుంది" అని ఊరూరా చెప్పినారు. ఆ చట్టం చదివినోళ్లు ఎంతమంది? పాసుబుక్కు మీద ముఖ్యమంత్రి ఫొటో చూసినారు, గుండె గుభేలుమంది. ఇంకా జరగనిదాన్ని నీ బోరులాగా తొంగి చూసి తేల్చుకోలేవన్నా. ఏ పార్టీ వాడినా భయం నినాదం చేసే పని ఇదే.

పెన్నాగట్టు
తాతలనాటి పాసుబుక్కు మీద ఇంకొకరి బొమ్మ ఉంటే, చట్టం చదవకపోయినా అనుమానం రావడం సహజం. ఆ బొమ్మ ఎవరో కల్పించింది కాదు కదా. రైతుకు సెక్షన్లు తెలీకపోవచ్చు, భూమి కాగితం మీద ఎవరి పేరుండాలో తెలుసు.

బురుజు కింద
అట్లయితే పోలింగ్ ముగియడానికి 48 గంటల ముందు ప్రచార సభలు ఆపాలని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఎందుకు పెట్టినారు? మోత పని చేస్తుందనే కదా. ఇప్పుడు మైకు ఆగుతుంది, వాట్సాప్ ఆగదు. ఆ రెండు రాత్రులే ఫోన్లకు ఎక్కువ భయం వచ్చేది.

పెన్నాగట్టు
మోత పని చేస్తుంది కాబట్టే కాదు, మోత ఆగితే మనిషి ఆలోచిస్తాడన్న నమ్మకంతో పెట్టినారు ఆ 48 గంటలు. ఫోన్లకూ గట్టిగా వర్తింపజేయాలని ఎన్నికల సంఘానికి అర్జీ రాయి తమ్ముడూ. మొదటి సంతకం నాదే.