సిటీ టూర్ రోజు: వాలంటీర్లకు ప్లాన్

కోఆర్డినేటర్: అందరికీ నమస్కారం. డల్లాస్ నుంచి మన సంఘం పెద్దవాళ్లు, పిల్లలు కలిపి 32 మంది వస్తున్నారు. హైదరాబాద్ చూపించడానికి మన చేతిలో ఉన్నది ఒక్క రోజే. శుక్రవారం మాత్రం వద్దు. ఆ రోజు సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ మూసేస్తారు. మక్కా మసీదు నమాజుకు వచ్చినవాళ్లతో నిండిపోతుంది. వాళ్ల ప్రార్థనకు మనం అడ్డం కాకూడదు. శనివారం ఖాయం చేద్దామా?

పొద్దున్నే చార్మినార్. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించింది. పైకి 149 మెట్లు, ఇరుకు దారి, గుండ్రంగా తిరుగుతూ ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను ఎక్కించొద్దు, పక్కనే ఉన్న మక్కా మసీదు ఆవరణలో కూర్చోబెడదాం. అక్కడ ఆసఫ్‌జాహీ నిజాంల సమాధులున్నాయి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోమని ముందే మెసేజ్ పెట్టండి. తర్వాత చౌమహల్లా, భోజనం, సాలార్‌జంగ్. మూడు గంటలకల్లా పిల్లలు మ్యూజికల్ క్లాక్ ముందుండాలి. బొమ్మ బయటికొచ్చి గంట కొట్టడం వాళ్లు చూడాల్సిందే. సాయంత్రం బిర్లా మందిర్.

కూకట్‌పల్లి వాలంటీర్: అన్నా, శనివారం వెంకన్న వారం కదా. బిర్లా మందిర్‌లో క్యూ చాలా ఉంటుంది, పెద్దవాళ్లు నిలబడలేరు. గురువారం పెడదాం, నేను లీవు పెడతాను. గోల్కొండ ఎందుకు తీసేశారు? రామదాసు బందిఖానా చూడాలని మా అత్తయ్య ఒకటే అడుగుతున్నారు.

కోఆర్డినేటర్: నిజమే తమ్ముడూ, నాకు తట్టలేదు. గురువారమే. గోల్కొండ తీసేయడం నాకూ బాధగానే ఉంది. కానీ దానికి సగం రోజు కావాలి. హడావిడిగా తిప్పి, ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టించి తీసుకొచ్చేస్తే ఏం చూసినట్టు? అత్తయ్యగారిలా అడిగేవాళ్లను మర్నాడు పొద్దున నేనే నా కారులో తీసుకెళ్తాను.

ఒక్కటి మాత్రం వదలొద్దు. సాలార్‌జంగ్ నుంచి మూసీ దాటగానే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు వరదలో సుమారు 150 మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. దానికి టికెట్టూ లేదు, క్యూ కూడా లేదు. పది నిమిషాలు ఆగి పిల్లలకు ఆ చెట్టు చూపించి, ఆ వరద గురించి చెప్పాలి. వాళ్ల తాతల ఊరు ఇది. అది ఆసుపత్రి కాబట్టి గట్టిగా మాట్లాడొద్దు, గుంపుగా దారికి అడ్డం నిలబడొద్దు.

బిర్లా మందిర్‌లోకి ఫోన్లు, కెమెరాలు తీసుకెళ్లనివ్వరు. 32 ఫోన్లు కౌంటర్లో పెట్టి తీసుకునేసరికి చీకటి పడుతుంది, అందుకే బస్సులోనే ఉంచుదాం. కాపలాకు ఒకరు కావాలి. పైనుంచి హుస్సేన్ సాగర్, బుద్ధ విగ్రహం కనిపిస్తాయి కాబట్టి పొద్దుగూకకముందే పైకి చేరాలి.

కూకట్‌పల్లి వాలంటీర్: ఫోన్ల దగ్గర నేనుంటాను. నేను ఎప్పుడైనా వెళ్లగలను. మంచినీళ్ల బాటిళ్లు కూడా నేనే తెస్తాను.

కోఆర్డినేటర్: సంతోషం. ఇంకా చార్మినార్ మెట్ల దగ్గర ఇద్దరు, మసీదులో పెద్దవాళ్లతో ఒక అక్క కావాలి. ఆదివారం లోపు చెప్పండి.