ట్రైల్ కోసం డౌన్‌టౌన్ పార్కింగ్ తీసేయాలా? 60 అడుగుల వీధి లెక్క చూద్దాం

మోనన్‌బాట
అమెరికాలోని ఇండియానా రాష్ట్ర రాజధాని ఇండియానాపొలిస్‌లో కల్చరల్ ట్రైల్ 2013లో పూర్తయింది. 8 మైళ్ళు, దాదాపు 6.3 కోట్ల డాలర్లు. డౌన్‌టౌన్ నడిబొడ్డున నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ కార్లతో సంబంధం లేని దారి దొరికింది. చిన్న ఊళ్ళలో ఇలాంటి మాట ఎత్తగానే షాపులవాళ్ళు అడిగేది ఒకటే: మా ముందున్న పార్కింగ్ సంగతేంటి? మామూలు మెయిన్ స్ట్రీట్ ఒకటి తీసుకుందాం. కర్బ్ (రోడ్డు అంచు గట్టు) నుంచి కర్బ్‌కు 60 అడుగులు. రెండు పక్కలా 8 అడుగుల చొప్పున ప్యారలల్ పార్కింగ్ (కర్బ్ వెంబడి వరసగా), మధ్యలో 11 అడుగుల లేన్లు నాలుగు. ట్రైల్ రావాలంటే ఒక పక్క పార్కింగ్ పోవాల్సిందేనా?

కిరాణాకొట్టు
పోతే దెబ్బ తినేది చిన్న షాపులే. మాల్‌కు సొంత పార్కింగ్ స్థలం ఉంటుంది. మందులకో, టిఫిన్ పార్సెల్‌కో పది నిమిషాల పని మీద వచ్చినవాళ్ళు రెండు బ్లాకుల అవతల పార్కింగ్ గరాజ్‌లో కారు పెట్టి నడిచి రారు. జనవరి చలిలో అసలే రారు. పోనీ కొత్త గరాజ్ కడదామంటే ఒక్కో కారు చోటుకు 25 వేల డాలర్లు దాటుతుంది. ఆ డబ్బు చివరికి మన పన్నుల్లోంచే రావాలి.

కొలతబద్ద
లెక్క వేయకముందే పార్కింగ్ పోతుందని ఎందుకు అనుకోవాలి? ఒక పక్క పార్కింగ్ మొత్తం తీసేసినా వచ్చేది 8 అడుగులే. రెండు వైపులా జనం తిరిగే ట్రైల్‌కు కనీసం 10 కావాలి. గంటకు 300 మంది దాటి, అందులో 30 శాతమో అంతకు మించో నడిచేవాళ్ళుంటే 11 నుంచి 14 పెట్టాలి. అంటే పార్కింగ్‌ను బలిచ్చినా ట్రైల్ పట్టదు.

నాలుగు లేన్లను మూడు చేయండి: వెళ్ళేందుకు ఒకటి, వచ్చేందుకు ఒకటి, మధ్యలో ఎడమ మలుపులకు ఒకటి. 10 అడుగుల చొప్పున 30. రెండు పక్కలా పార్కింగ్ 16. మిగిలిన 14లో 11 ట్రైల్, 3 బఫర్, అంటే ఖాళీగా వదిలే పట్టీ. మొత్తం 60. ట్రైల్ కర్బ్ పక్కన, దాని తర్వాత బఫర్, ఆ తర్వాత ఆగిన కార్లు. ఆ కార్లే ట్రైల్‌కు గోడ. బఫర్ 3 అడుగులకు తగ్గితే మాత్రం తెరిచిన కారు తలుపు సైకిల్‌కు తగులుతుంది, అక్కడ బేరం వద్దు.

రోజుకు 20 వేల బండ్ల లోపు వీధుల్లో ఈ మార్పు సాధారణంగా నడుస్తుంది. ఇలా మార్చిన చోట్ల ప్రమాదాలు 19 నుంచి 47 శాతం దాకా తగ్గాయని ఫెడరల్ హైవే విభాగం లెక్క. బస్సు రూటైతే 10 అడుగులు ఇరుకే, 11 కావాలి. ఆ వీధిలో ఒక పక్క పార్కింగ్ గురించి నిజంగానే మాట్లాడుకోవాలి.

బండిచక్రం
లెక్క బాగుంది, కానీ ప్రాణాలు పోయేది బ్లాకు మధ్యలో కాదు, మూలల్లో. రెండు వైపులా నడిచే ట్రైల్‌లో సగం సైకిళ్ళు పక్క లేన్‌లోని కార్లకు ఎదురుగా వస్తాయి. పక్క వీధి నుంచి కుడికి తిరిగే డ్రైవర్ ఎడమ నుంచి వచ్చే కార్లనే చూస్తూ ఉంటాడు, కుడి పక్క నుంచి సైకిల్ వస్తుందని ఊహించడు. ఆగిన ఎస్‌యూవీ ఒకటి అడ్డం ఉంటే చూసినా కనపడదు. అందుకే క్రాసింగ్‌కు ముందు 20 అడుగులు ఖాళీగా ఉండాలి. కాలిఫోర్నియా ఇప్పుడు దాన్ని చట్టమే చేసింది.

అలా ఖాళీ చేసిన చోట కర్బ్‌ను ముందుకు తెస్తే ట్రైల్‌కూ లేన్‌కూ మధ్య 8 ప్లస్ 3, అంటే 11 అడుగుల ఎడం వస్తుంది. మెయిన్ స్ట్రీట్ నుంచి తిరిగిన కారు ఆ ఎడంలో ట్రైల్‌కు దాదాపు లంబంగా ఆగుతుంది, డ్రైవర్‌కు ట్రైల్ సూటిగా కనపడుతుంది. దానికి తోడు క్రాసింగ్ కాస్త ఎత్తు, రెడ్‌లో కుడి మలుపు నిషేధం, నడిచేవాళ్ళకు 3 నుంచి 7 సెకన్ల ముందు సిగ్నల్. 300 అడుగుల బ్లాకులో రెండు చివరలా 20 చొప్పున తీసేస్తే 260 మిగులుతుంది, 22 అడుగులకో కారు చొప్పున 11 కార్లు. డ్రైవ్‌వేలుంటే (షాపు ఆవరణలోకి కారు వెళ్ళే దారులు) ఇంకా తగ్గుతాయి. వెనక సందు ఉన్న షాపులకు ముందు డ్రైవ్‌వే మూసేయడం మేలు.

కిరాణాకొట్టు
సరే, 11 కార్లకు ఒప్పుకుందాం. సరుకు ఎక్కడ దింపాలి? 30 అడుగుల ట్రక్కు వచ్చి ఆగితే వెనక సరుకు దింపే లిఫ్ట్‌గేట్‌తో కలిపి 45 అడుగులు కావాలి. చోటు లేకపోతే అది ట్రైల్ మీదకే ఎక్కుతుంది, లేదా మధ్య లేన్‌లో ఆగుతుంది. ఇంకో విషయం, వీల్‌చైర్ వ్యాన్ ర్యాంప్ సాధారణంగా కుడి పక్కకు దిగుతుంది. ఆ 3 అడుగుల బఫర్‌లో వీల్‌చైర్ తిరగదు.

కొలతబద్ద
రెండూ న్యాయమైన ప్రశ్నలే. వీల్‌చైర్ చోటును బ్లాకు చివర, క్రాసింగ్ ఖాళీని ఆనుకుని పెట్టాలి. అక్కడ బఫర్‌ను 5 అడుగులకు పెంచి, ఆ కాస్త దూరం ట్రైల్‌ను 9కి తగ్గించినా ఫరవాలేదు, కర్బ్ ర్యాంప్ దగ్గర్లోనే ఉంటుంది. లోడింగ్‌కు బ్లాకుకో చోటు, ఉదయం 11 దాకా ట్రక్కులకు, తర్వాత 15 నిమిషాల పార్కింగ్‌కు. మీరన్న పార్సెల్ గిరాకీకి కావలసింది అదే. పక్కన బఫర్ అంచు ఎత్తుగా కట్టకుండా సమంగా ఉంచితే చేతిబండి దొర్లుతుంది.

ఇక షాపుల ముందు నిండిపోయే చోట్లలో చాలాచోట్ల ఆగి ఉండేవి షాపుల సిబ్బంది కార్లే. ముందు ఒక మంగళవారం, ఒక శనివారం ఉదయం 10 నుంచి రాత్రి 8 దాకా గంటగంటకూ నంబర్ ప్లేట్లలో చివరి మూడంకెలు రాసుకోండి. ఏ కారు ఎంతసేపు ఉందో తేలిపోతుంది. 85 శాతం దాటి నిండుతుంటే ధర పెంచాలి, అప్పుడు బ్లాకుకు ఒకటో రెండో ఎప్పుడూ ఖాళీగా ఉంటాయి. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ గ్లౌస్టర్ రోడ్డు దుకాణదారులు 41 శాతం గిరాకీ కార్లలో వస్తుందనుకున్నారు. 2006లో లెక్కిస్తే 22 శాతమే.

మోనన్‌బాట
మీటర్లున్న ఊళ్ళలో ఇంకో పేచీ ఉంది. షికాగో 2008లో మీటర్లను 75 ఏళ్ళకు ప్రైవేటు కంపెనీకి అప్పగించింది. ఇండియానాపొలిస్ 2010లో 50 ఏళ్ళకు ఇచ్చింది. అలాంటి ఒప్పందం ఉంటే నగరం మీటరు పీకినందుకు పరిహారం కట్టాల్సి రావచ్చు. డిజైన్ గీయకముందే ఒప్పందంలో ఆ నిబంధన చదవాలి.

కిరాణాకొట్టు
బ్రిస్టల్ లెక్క అక్కడి జనసాంద్రతకు సరి, ఇండియానా ఊరికి నేరుగా అన్వయించకండి. ప్లేట్ల సర్వే మాత్రం జరగాల్సిందే. పనులు జరిగే కాలం గురించి ఎవరూ మాట్లాడలేదు. ట్రైల్‌ను ఎత్తుగా కడితే కర్బ్ దగ్గరి వాన నీటి జాలీలన్నీ జరపాలి, ఎక్కువ ఖర్చూ ఆలస్యమూ అక్కడే. ఒకేసారి వీధంతా తవ్వి ఆరు నెలలు వదిలేస్తే ట్రైల్ వచ్చేసరికి షాపు ఉండదు. ఒక బ్లాకు పూర్తిచేశాకే రెండోది తవ్వాలి, నవంబరు నుంచి డిసెంబరు ఆఖరు దాకా పని ఆపాలి, ప్రతి షాపు తలుపు దాకా 5 అడుగుల దారి తెరిచి ఉంచాలి. టెండరులో ఈ మూడూ రాస్తే నా అభ్యంతరం లేదు. రాయకపోతే ఉంటుంది.