కోవిడ్ పాజిటివిటీ 10 శాతం దాటితే ఆంక్షలు పెట్టాల్సిందేనా?

జయనగర్_చదువరి:
2021 ఏప్రిల్‌లో కేంద్రం చెప్పిన కొలత: వారం పాజిటివిటీ (చేసిన పరీక్షల్లో పాజిటివ్ వచ్చినవాటి శాతం) 10 శాతమైనా, ఆక్సిజన్ లేదా ఐసీయూ పడకలు 60 శాతం నిండినా ఆ ప్రాంతంలో 14 రోజుల కట్టడి. అంకెలు ఇంత స్పష్టంగా ఉంటే బెంగళూరు లాంటి చోట వార్డుల వారీగా నిర్ణయం తీసుకోవడానికి తర్జనభర్జన ఎందుకండీ?

లెక్కల_రావు:
అంకె స్పష్టమే, దాని కింద ఉన్న హారంతోనే చిక్కు. వారంలో 10,000 పరీక్షలకి 800 పాజిటివ్ వస్తే 8 శాతం. మరుసటి వారం లక్షణాలున్నవాళ్లకే 4,000 చేసి 600 వస్తే 15 శాతం. కేసులు తగ్గాయి, శాతం మాత్రం దాదాపు రెట్టింపు! పరీక్షలు తగ్గినప్పుడు శాతం ఒక్కటే చూసి గేట్లు మూయకూడదు.

రోజువారీ శాతాల సగటు తీయడం ఇంకో పొరపాటు. వారం మొత్తం పాజిటివ్‌లని వారం మొత్తం పరీక్షలతో భాగించాలి, అదీ నమూనా తీసిన తేదీ ప్రకారం. రిపోర్టు తేదీ పెడితే ల్యాబ్‌లో పేరుకుపోయినవన్నీ ఒక్కరోజే వచ్చిపడి కొత్త ఉప్పెనలా కనిపిస్తాయి. యాంటిజెన్ (అక్కడికక్కడే ఫలితమిచ్చేది), ఆర్‌టీపీసీఆర్ (ల్యాబ్‌లో చేసేది) పరీక్షల లెక్కలు కలిపేయొద్దు. పడకల్లోనూ అంతే, నర్సు లేని మంచాన్ని లెక్కలో వేస్తే 60 శాతం ఎప్పటికీ రాదు.

జయనగర్_చదువరి:
పడకలు నిండేదాకా ఆగితే?

లెక్కల_రావు:
ఆలస్యమైపోతుందండీ. సోకాక లక్షణాలకి సుమారు 5 రోజులు, ఆస్పత్రి అవసరమయ్యేసరికి ఇంకో వారం. ఈరోజు పడక చెప్పేది రెండు వారాల కిందటి సంగతి.

ఉత్తర్వుల_మూర్తి:
సగం ఉత్తర్వులు చట్టం దగ్గర బోల్తా పడతాయి. ఏ సెక్షన్ కిందో రాయాలి. 2005 విపత్తు నిర్వహణ చట్టం సెక్షన్ 34 కింద జిల్లా ప్రాధికార సంస్థ రాకపోకలు ఆపగలదు. సీఆర్పీసీ (పాత నేర విచారణ స్మృతి) సెక్షన్ 144 ఉత్తర్వు అయితే మామూలుగా రెండు నెలలకి మించదు (ఇప్పుడది కొత్త స్మృతి బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 163). ఉల్లంఘన మీద అప్పటి ఐపీసీ సెక్షన్ 188 (అధికారి ఆదేశాన్ని ధిక్కరించడం) కేసు పెట్టి ఊరుకునేవారు. సంబంధిత అధికారి రాతపూర్వక ఫిర్యాదు లేకుండా కోర్టు దాన్ని విచారణకి తీసుకోదు. ఎఫ్ఐఆర్ ఒక్కటే చాలదు.

అన్నానగర్_అక్క:
చెన్నై ముచ్చట ఒకటి. కోయంబేడు కూరగాయల టోకు మార్కెట్‌ని 2020 మే 5న మూశారు. అప్పటికే కూలీలు, వ్యాపారులు ఊళ్లకి వెళ్లిపోయారు, కడలూరు, అరియలూరుల్లో కేసులు తేలాయి. మార్కెట్ నగర శివారులోని తిరుమళిశైకి మారింది ఆ తర్వాతే. మూసే తేదీ కంటే ముందే కొత్త స్థలం, వెళ్లేవాళ్ల ఫోన్ నంబర్లు, దిగే జిల్లాకి సమాచారం సిద్ధంగా ఉండాలి. ఇవి లేకుండా మూస్తే వైరస్‌కి బస్సు టికెట్ ఇచ్చినట్టే.