గల్ఫ్ ‘మాఫీ’, మన ‘మాఫీ’ ఒకటేనా?

జగిత్యాల నుంచి:
దుబాయ్, సౌదీ పోయే మనోళ్లకు దిగిన కాడ్నుంచే చెవిన పడే మాట ‘మాఫీ’. రుణమాఫీల ఉన్న మాఫీయేనా ఇది? రొట్టెల దుకాణంల ‘ఖుబ్జ్ మాఫీ’ అంటే ఉత్తగనే ఇస్తున్నట్టా?

హన్మకొండ నుంచి:
కాదన్నా. రెండూ అరబ్బీవే గని వేర్లు వేరు. మన మాఫీ ఉర్దూ మీదుగ వచ్చింది, మన్నించుడు అనే అర్థమున్న ‘అఫ్వ్’ దాని మూలం. గల్ఫ్ మాఫీ రెండు ముక్కలు: ‘మా’ అంటే కాదు, వాడుకల ‘ఫీ’ అంటే ఉంది. కలిపితే ‘లేదు’. ఖుబ్జ్ మాఫీ అంటే రొట్టె లేదని. అడిగేటప్పుడు గొంతు కొంచెం లేపి ‘ఖుబ్జ్ ఫీ?’ అంటరు. ‘మాఫీ ముష్కిల్’ అంటే ఇబ్బంది లేదు.

దుకాణంల తప్పు అర్థమైతే పోయేదేం లేదు. పోలీసు దగ్గర అట్ల కాదు. ‘అకామా మాఫీ?’ అంటే ‘అకామా (అక్కడ ఉండెటందుకు ఇచ్చే అనుమతి కార్డు) లేదా?’ అని అడుగుడు. మన్నిస్తున్నడనుకొని తల ఊపితే, లేదని ఒప్పుకున్నట్టే. మాట రాకుంటే కార్డు తీసి చూపెట్టాలె. జరిమానా కౌంటర్ల ‘ముఖాలఫా మాఫీ’ అన్నా అంతే: మీ పేరు మీద జరిమానా లేదని, ఉన్నది రద్దయిందని కాదు.

సిరిసిల్ల నుంచి:
మరి తప్పయిందని చెప్పాలంటే ఏమనాలె?

హన్మకొండ నుంచి:
మగవాళ్లు ‘ఆసిఫ్’, ఆడవాళ్లు ‘ఆసిఫా’ అంటరు. దారి అడగాలన్నా, బస్సుల జర జరగమనాలన్నా ఎదుట మగమనిషి ఉంటే ‘లౌ సమహ్త్’, ఆడమనిషి ఉంటే ‘లౌ సమహ్తి’. మన మాఫీకి అసలు చుట్టం ‘అఫ్వన్’. ‘షుక్రన్’ (థాంక్స్) అన్నోళ్లకు బదులుగ కూడా అదే చెప్తరు. ఇంకోటి, ఐదు వేళ్ల కొసలు కలిపి పైకి చూపెడితే ‘జర ఆగు’ అని. దాన్ని బెదిరింపు అనుకోవద్దు.

కరీంనగర్ నుంచి:
‘కల్లివెల్లి’ని కూడా కలుపుండ్రి. అక్కడ ‘ఖల్లీ వల్లీ’ అంటే ‘పోనియ్, ఇడిసిపెట్టు’. మన జిల్లాలల్ల, వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న యజమాని కఫీల్‌ను విడిచి, కాగితాల్లేకుండ పనిచేసే మనిషికే అది పేరైంది. పత్రికలల్ల కూడా ‘కల్లివెల్లి కార్మికులు’ అనే వస్తది. దోస్తుల నడుమ సరే గని, ఆఫీసు కౌంటర్ దగ్గర ఈ మాట అనొద్దు, లెక్కలేనట్టు వినబడుతది.

హన్మకొండ నుంచి:
నిజమే. అర్థం మారకుండ నిలిచిన మాట కావాలంటే ‘బల్దియా’ (మున్సిపాలిటీ) ఉంది. అక్కడ చెత్త ఎత్తేది, హోటళ్లు తనిఖీ చేసేది ‘బలదియ్యా’. మన వరంగల్ బల్దియా అదే మాట. ‘బలద్’ అంటే ఊరు, జిద్దాల పాతబస్తీని ‘అల్ బలద్’ అనేది అందుకే.