మీటర్ లేని జోర్కీ 4: బీచ్‌లో, పూర్ణా మార్కెట్‌లో ఎక్స్‌పోజర్ లెక్క ఎలా?

తీరవాసి:
చేతిలో జోర్కీ 4 అనే పాత సోవియట్ ఫిల్ము కెమెరా ఉంది, జూపిటర్-8 50 ఎంఎం లెన్సుతో. వెలుగు కొలిచే మీటరూ లేదు, బ్యాటరీ పెట్టే గూడూ లేదు. విశాఖ ఆర్కే బీచ్‌లో పగలు, పూర్ణా మార్కెట్ లోపల, ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున తియ్యాలి. ఏ ఫిల్ము వెయ్యాలి? వెలుగుని కంటితో అంచనా కట్టడం నిజంగా కుదిరే పనేనా, లేక రోల్లోని ముప్పై ఆరు ఫ్రేముల్లో పది దక్కినా చాలనుకునేవాళ్ల సరదానా? ఫోన్‌లో మీటర్ యాప్ ఉండగా ఈ గుడ్డి కెమెరాల మీద అంత మోజెందుకు? వెటకారం కాదండి, నిజంగానే అడుగుతున్నా.

చీకటిగది:
మోజు సంగతి ముందు తేల్చుకుందాం, మిగతా లెక్కంతా అందులోంచే వస్తుంది. కెమెరాలో ఉండే మీటరు వస్తువు మీద పడి వెనక్కొచ్చే వెలుగుని కొలుస్తుంది. ఎదురుగా ఏముందో దానికి తెలీదు, ఏది చూపించినా బూడిదరంగే అనుకుంటుంది. నురగా ఇసకా చూపిస్తే వెలుగు ఎక్కువైందని తగ్గించేస్తుంది, ఇసక మురికిగా వస్తుంది. అక్కడే నల్లరాళ్ల వైపు తిప్పితే పెంచేస్తుంది. ఎండ మాత్రం రెండిటి మీదా ఒకేలా పడుతోంది కదా! మీటర్ లేనివాడు చూసేది ఆ పడే వెలుగునే. పదకొండింటికి పెట్టుకున్న సెట్టింగు మబ్బు పట్టేదాకా మారదు. ఫ్రేమ్ ఫ్రేముకీ సూది చూసే పని తప్పుతుంది, ధ్యాసంతా ఎదుటి మనిషి మీదే ఉంటుంది. అదీ మోజు. పాత వాసన, ఇత్తడి బరువు అంటూ చెప్పేవన్నీ ఆ తర్వాతే.

లెక్కకి ఆకాశం కాదు, నీడ చూడండి. ఐఎస్ఓ 100 ఫిల్ము (ఈ అంకె పెరిగేకొద్దీ తక్కువ వెలుగు చాలు), షట్టరు 1/125 సెకను అనుకుందాం (పాత జోర్కీ డయల్ మీద 1/100 ఉంటే అదే పెట్టండి). నీడ అంచు కత్తిరించినట్టుంటే ఎఫ్ 16 (లెన్సు కంత, అంటే అపెర్చర్, ఎంత తెరవాలో చెప్పే అంకె; అంకె తగ్గితే కంత పెద్దది). అంచు మెత్తబడితే 11. నీడ ఉందా లేదా అనిపిస్తే 8. నీడే లేని మూసిన ఆకాశానికి 5.6. ఎండ కాస్తుండగా గోడ నీడలో నిలబడ్డ మనిషికి 4. దీన్నే సన్నీ 16 అంటారు. పొద్దున్న, సాయంత్రం ఎండ వాలినప్పుడు ఒకటి రెండు స్టాపులు తెరవాలి (స్టాపు అంటే వెలుగు రెట్టింపు, 16 నుంచి 11కి వస్తే ఒకటి).

మన బీచ్ తూర్పు ముఖం. పొద్దున్న సముద్రం వైపు తిరిగితే అన్నీ ఎదురెండలోనే, మొహం కనబడాలంటే రెండు స్టాపులు ఎక్కువివ్వాలి. సాయంత్రం నాలుగింటికి అదే దిక్కు చూస్తే ఎండ వీపు మీద ఉంటుంది, లెక్క తేలిక.

బీచ్‌కి 100 ఫిల్ము, మార్కెట్‌కి 400. కలర్ కావాలంటే కొడాక్ గోల్డ్ 200 వేసి 100 అనుకుని తియ్యండి. నెగటివ్‌కి రెండు స్టాపుల వెలుగు ఎక్కువైనా బొమ్మ దక్కుతుంది, తగ్గితే మాత్రం నీడల్లో వివరం పోతుంది. అనుమానం వస్తే తెరవడమే. స్లైడ్ ఫిల్ము (నెగటివ్ కాకుండా నేరుగా బొమ్మే వచ్చేది) జోలికి ఇప్పుడే పోకండి, అర స్టాపు తేడాకే పాడవుతుంది.

గుడ్డతెర:
లెక్క సరే, కెమెరా చెప్పిన మాట వింటోందా అన్నది ముందు చూడాలి. జోర్కీ 4లో ఫిల్ము తిప్పి షట్టరు ఎక్కించాకే స్పీడు మార్చాలి. ఎక్కించకుండా డయల్ తిప్పితే లోపలి పళ్లచక్రాలు దెబ్బతింటాయి. ఇది పట్టించుకోకే చాలా కెమెరాలు మూలపడతాయి.

వెనక మూత, లెన్సు తీసేసి, తెల్లగోడ వైపు పెట్టి ఒక్కో స్పీడూ నొక్కి చూడండి. 1/500, 1/1000 దగ్గర కంతలో ఒక పక్క చీకటిగా ఉంటే షట్టరులోని రెండు తెరల్లో వెనకొచ్చేది ముందుదాన్ని అందుకుంటోందని అర్థం. గ్రీజు గట్టిపడటమో, స్ప్రింగు సాగడమో కారణం. అలా ఉంటే ఆ స్పీడుల్ని వదిలేసి 1/250తో ఎఫ్ 11 వాడుకోండి. నెమ్మది స్పీడులకి ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ చాలు: 1/2కి తెర 120 ఫ్రేముల పాటు తెరిచి కనబడాలి, 1/30కి ఎనిమిది. అంతకన్నా వేగానికి ఈ పద్ధతి పనికిరాదు.

అసలు ప్రమాదం సూర్యోదయం. ఇందులో ఎండకి అడ్డంగా నిలిచే అద్దం లేదు, లెన్సు వెనకే షట్టరు, అంటే రబ్బరు పూసిన గుడ్డ తెర. ఫోకస్ అనంతంలో పెట్టి, ఎఫ్ 2కి తెరిచి ఎండకేసి ఉంచితే భూతద్దం పెట్టినట్టే, తెర మీద చిల్లు పడుతుంది. తర్వాత ప్రతి ఫ్రేములోనూ తెల్లచుక్క. వాడనప్పుడు క్యాప్ పెట్టండి. కానీ వ్యూఫైండర్ విడి కిటికీ కాబట్టి, క్యాప్ ఉన్నా అందులో అంతా చక్కగా కనబడుతూనే ఉంటుంది, తియ్యడం మరిచిపోతే రోలంతా ఖాళీ! చిల్లులు ఇప్పటికే ఉన్నాయేమో చూడాలంటే చీకటి గదిలో లెన్సు వైపు టార్చి వేసి వెనక నుంచి చూడండి.

ఇంకోటి, జూపిటర్-8 అపెర్చర్ రింగుకి క్లిక్కులు ఉండవు. వేలు తగిలితే 11 కాస్తా 8 అయిపోతుంది. అప్పుడప్పుడూ చూసుకోవాలి.

సగం స్టాప్:
పైన జవాబుల్లో యాప్ ఊసే లేదు, అది మాత్రం ఒప్పుకోను. యాప్‌ని వెలివెయ్యక్కర్లేదు. ముందు మీ అంచనా కాగితం మీద రాయండి, తర్వాతే యాప్ చూడండి. రెండు స్టాపులు తేడా వస్తున్నచోటే మీ కన్ను మోసపోతోంది. అది ఎక్కువగా నీడలోనే. కంటిపాప పెద్దదై సర్దుకుంటుంది కాబట్టి లోపల ఉన్నదానికన్నా వెలుగు ఎక్కువ అనిపిస్తుంది.

పూర్ణా మార్కెట్‌లో 400 ఫిల్ముతో, టార్పాలిన్ పట్టాల కింద పగటి వెలుగు తగిలే కొట్ల దగ్గర 1/60, ఎఫ్ 4తో మొదలెట్టండి. బల్బే దిక్కైన లోపలి సందుల్లో 1/60, ఎఫ్ 2. రెండు మీటర్ల దూరానికి ఎఫ్ 2లో ఫోకస్‌లో ఉండే మేర చాలా తక్కువ, కంటి మీదే పెట్టాలి.

కడిగాక నెగటివ్ చూడండి. అంచున కంపెనీ ముద్రించిన అంకెలు చిక్కగా ఉండి, నీడలు ఖాళీగా ఉంటే తప్పు మీ అంచనాది. అంకెలే పలచగా ఉంటే డెవలపింగ్‌ది.

తీరవాసి:
బాగా అర్థమైంది, థాంక్సండి. హార్బర్ సంగతి ఎవరూ చెప్పలేదు. సూర్యుడు రాకముందు ఏ నీడ చూడాలి?

చీకటిగది:
అక్కడ నీడ లెక్క చెల్లదు. పొద్దు పొడిచే ముందు వెలుగు సుమారు మూడు నాలుగు నిమిషాలకొక స్టాపు పెరుగుతూ పోతుంది, కన్ను అది పట్టుకోలేదు. ఆ అరగంటా యాప్ వాడండి, మూడు నిమిషాలకోసారి చూడండి. 400 ఫిల్ము, జెట్టీ దీపాల కింద 1/30, ఎఫ్ 2.

గుడ్డతెర:
ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరాని హార్బర్ గాలిలో వెంటనే తియ్యకండి, లెన్సు మీద చెమట పడుతుంది. బ్యాగు జిప్పు వేసే ఉంచి ఒక ఇరవై నిమిషాలు ఆగండి. ఇంటికొచ్చాక ఉప్పుగాలి తడిని పొడిగుడ్డతో తుడిచి, సిలికా జెల్ వేసిన మూత డబ్బాలో పెట్టండి. తోలు కేసులో మాత్రం దాచొద్దు, ఫంగస్‌కి అంతకన్నా మంచి ఇల్లు దొరకదు.