ఫ్లోరిడా బీచ్ కాండో: ఫీజు 590 డాలర్ల బిల్డింగా, 1,140 డాలర్ల బిల్డింగా?

కెరటం_84
నమస్కారం అండీ. ఇంకో నాలుగేళ్లలో రిటైర్ అవుతున్నాం. ఫ్లోరిడా అట్లాంటిక్ తీరంలో రెండు కాండోలు (సొంతంగా కొనుక్కునే అపార్ట్‌మెంట్ ఇళ్లు) చూశాం. రెండూ డబుల్ బెడ్‌రూమే, రెండిటికీ ఎదురుగా సముద్రమే, ధరలో పెద్ద తేడా లేదు. 1984లో కట్టినదానికి నెలకి అసోసియేషన్ ఫీజు 590 డాలర్లు. 1986లో కట్టినదానికి 1,140. తేడా నెలకి 550, అంటే పదేళ్లకి 66,000 డాలర్లు. మొదటి బిల్డింగ్ ఏజెంట్ "ఇక్కడ బోర్డు పొదుపుగా నడుపుతుంది" అంటున్నాడు. మా ఆవిడకి మాత్రం ఆ తక్కువ ఫీజు చూస్తేనే భయంగా ఉందట. ఏం చేయమంటారు?

నాన్నకోసం
తక్కువ ఫీజు చూసి పారిపొమ్మని చాలామంది చెబుతారు. దాని రెండో వైపు కూడా వినండి. మా అమ్మానాన్న గల్ఫ్ తీరంలో ఒక పాత కాండోలో పదకొండేళ్లుగా ఉంటున్నారు. రెండేళ్లలో ఫీజు 480 నుంచి 910కి పోయింది. నాన్నకి వచ్చేది సోషల్ సెక్యూరిటీ, అంటే ప్రభుత్వ పెన్షన్ ఒక్కటే. ఇదివరకు ఫ్లోరిడాలో ఓనర్లు మెజారిటీ ఓటుతో ఆ ఏడాదికి రిజర్వ్ (పెద్ద రిపేర్లకి ముందే దాచే నిధి) కట్టకుండా ఉండొచ్చు. 2022 చట్టంతో మూడంతస్తులు, ఆపైన ఉన్న బిల్డింగుల్లో పైకప్పు, స్తంభాలు, ప్లంబింగ్, వాటర్‌ప్రూఫింగ్ లాంటివాటికి ఆ వెసులుబాటు పోయింది. ముప్పై ఏళ్లు కట్టకుండా ఉండి, అమ్ముకుని వెళ్లినవాళ్లకి ఏ బాధా లేదు. మిగిలినవాళ్ల నెత్తిన పడింది. నాన్నకి 81. ఆయన ఇప్పుడు కడుతున్న డబ్బుతో వేసే పైకప్పు కింద ఆయన ఎన్నాళ్లుంటారు? ఇది న్యాయమా?

కోశాధికారి_64
మా 64 ఇళ్ల బిల్డింగ్‌కి ఆరేళ్లుగా నేనే ట్రెజరర్ని. న్యాయం సంగతి తర్వాత, ముందు ఆ ఫీజు ఎక్కడికి పోతుందో చూద్దాం. మా దగ్గర అన్నిటికంటే పెద్ద పద్దు ఇన్సూరెన్స్. లిఫ్టు, స్విమ్మింగ్ పూల్, తోటమాలి అన్నీ కలిపినా దాని దరిదాపుల్లోకి రావు. ఇల్లు లోపల మీ సామానుకి మీరు తీసుకునే హెచ్ఓ-6 పాలసీ వేరు. బిల్డింగ్ మొత్తానికి అసోసియేషన్ తీసుకునే మాస్టర్ పాలసీ వేరు. వరదకి ఇంకో పాలసీ.

చాలామందికి తెలియనిది హరికేన్ డిడక్టబుల్, అంటే తుఫాను నష్టంలో ఇన్సూరెన్స్ ఇవ్వకముందు మనమే భరించాల్సిన భాగం. అది శాతంలో ఉంటుంది. రెండు కోట్ల డాలర్లకి ఇన్సూర్ చేసిన బిల్డింగ్‌కి 3 శాతం అంటే మొదటి 6 లక్షల డాలర్లు మనవే. 64 ఇళ్లకి సమానంగా పంచితే ఇంటికి 9,375. తుఫాను వెళ్లిన వారంలో ఆ ఉత్తరం వస్తే ఎలా ఉంటుందో నేను చూశాను. హెచ్ఓ-6లో దీనికి పనికొచ్చే లాస్ అసెస్‌మెంట్ కవరేజ్ (ఇలా మన మీద పడే వాటాకి ఇచ్చే డబ్బు) ఉంటుంది కానీ ఫ్లోరిడా చట్టం అడిగే కనీసం 2,000 డాలర్లే. పెంచి తీసుకోండి.

కెరటం గారూ, ఆ 1,140లో ఇంటర్నెట్, నీళ్లు, వరద ఇన్సూరెన్స్ కలిసి ఉన్నాయా? 590లో అవి లేకపోతే మీరు చెప్పిన తేడా అసలు తేడానే కాదు.

ఇనుము_సిమెంటు
నేను సివిల్ ఇంజనీర్ని. తీరం బిల్డింగుల రిపేర్ల మీదే పనిచేస్తాను. "పొదుపుగా నడుపుతున్నారు" అనే మాట వింటేనే నాకు టెన్షన్ వస్తుంది.

ఉప్పుగాలిలోని క్లోరైడ్ మెల్లగా కాంక్రీటులోకి ఇంకుతుంది. లోపలి ఇనుప చువ్వ దాకా చేరితే తుప్పు మొదలవుతుంది. తుప్పు, అసలు ఇనుముకంటే రెండు రెట్లకి మించి చోటు తీసుకుంటుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు లోపలినుంచే పగిలి పెచ్చులూడుతుంది. బాల్కనీ అంచు, గరాజ్ పైకప్పు, పూల్ కింద స్లాబ్, ఇవే ముందు దెబ్బతింటాయి. మొదట్లో పట్టుకుంటే పెచ్చు తీసి, చువ్వ శుభ్రం చేసి, ప్యాచ్ వేసి, వాటర్‌ప్రూఫింగ్ చేస్తే సరిపోతుంది. అయిదేళ్లు ఆగితే అదే బాల్కనీని కొట్టేసి మళ్లీ పోయాలి. పెయింటు కూడా ఇక్కడ అందానికి కాదండీ, ఉప్పుని ఆపే పొర అది.

మయామీ దగ్గరి సర్ఫ్‌సైడ్‌లో కూలిన కాండో గురించి చెప్పక తప్పదు. షాంప్లేన్ టవర్స్ సౌత్, 1981లో కట్టారు, 12 అంతస్తులు, 136 ఇళ్లు. పూల్ డెక్ కింద స్లాబ్ బాగా దెబ్బతిందని 2018లోనే ఇంజనీరు రిపోర్టు ఇచ్చాడు. డబ్బు ఎలా తేవాలో తేలడానికి రెండున్నరేళ్లు పట్టింది. 2021 ఏప్రిల్‌లో కోటిన్నర డాలర్ల స్పెషల్ అసెస్‌మెంట్ (ఫీజు కాకుండా ఓనర్ల మీద వేసే అదనపు వసూలు) వేశారు, చిన్న ఇంటికి దాదాపు 80,000, పెంట్‌హౌస్‌కి 3 లక్షలు దాటింది. జూన్ 24న తెల్లవారుజామున బిల్డింగ్‌లో పెద్ద భాగం కూలి 98 మంది చనిపోయారు. డిజైన్ లోపాలు కూడా ఉన్నాయి, రిజర్వ్ లేకపోవడమే కారణం అని నేను అనను. కానీ డబ్బు గురించి వాదించుకుంటూ పోయిన ఆ రెండున్నరేళ్లు నా మనసులోంచి పోవు.

నాన్నకోసం
ఇంజనీర్ గారూ, కాంక్రీటు విషయంలో మీతో నాకు వాదన లేదు. ఇన్‌స్పెక్షన్ చేయాలి, ప్రమాదం ఉన్నది బాగుచేయాలి. నేను అడిగేది వ్యవధి గురించి. ముప్పై ఏళ్ల బాకీని నాలుగైదేళ్లలో కట్టమంటే ముసలివాళ్లు ఏం చేస్తారు? అమ్ముకుంటారు. కొనేదెవరు? సముద్రం ఒడ్డు స్థలం కోసం చూసే బిల్డర్లు. 80 శాతం వాటాలు ఒప్పుకుని, అడ్డుచెప్పేవి 5 శాతం కంటే తక్కువైతే కాండోనే రద్దు చేసి పడగొట్టొచ్చు. మా అమ్మ పక్కింటావిడ ఇప్పటికే అమ్మేసి వెళ్లిపోయింది. రోజూ సాయంత్రం ఇద్దరూ కలిసి ఒడ్డున నడిచేవాళ్లు.

పద్దుల_పద్మ
మీ బాధ అర్థమైందండీ. ఒక్క లెక్క చెబుతాను. పైకప్పుకి 9 లక్షల డాలర్లు, 20 ఏళ్ల ఆయుష్షు, 64 ఇళ్లు అనుకుందాం. ఇంటికి 14,062. మొదటి నెల నుంచీ దాచుకుంటే నెలకి 59 డాలర్లు. 15 ఏళ్లు ఏమీ కట్టకుండా చివరి అయిదేళ్లలో పోగుచేస్తే నెలకి 234. పైకప్పు అదే, ఖర్చు అదే. మీ నాన్నగారు భవిష్యత్తు ఓనర్ పైకప్పుకి కడుతున్నారని అన్నారు. పదకొండేళ్లు ఆయన వాడుకున్న పైకప్పుకి కట్టనిది కూడా అందులో ఉంది కదా?

కెరటం గారికి: ఖర్చులో ఒక్కో ఇంటి వాటా ఎలా పంచుతారో డిక్లరేషన్‌లో (కాండో ఏర్పాటు పత్రంలో) చూడండి. 1992 ఏప్రిల్ తర్వాత ఏర్పడిన కాండోల్లో ఇంటి వైశాల్యాన్ని బట్టి గానీ సమానంగా గానీ ఉండాలి. మీవి అంతకు ముందువి కాబట్టి ఏదైనా ఉండొచ్చు.

నాన్నకోసం
ఉంది, పద్మ గారూ. కాదనను. కానీ అప్పుడు ఆయన్ని ఎవరూ అడగలేదు. బోర్డు తక్కువ చూపించింది, ఆయన చూపించినంత కట్టారు.

కెరటం_84
అందరికీ ధన్యవాదాలు. రెండు చోట్లా పత్రాలు తెప్పించాను. 1,140లో వరద ఇన్సూరెన్స్, నీళ్లు, ఇంటర్నెట్ ఉన్నాయి. ఏ రిపేర్లకి ఎంత దాచాలో లెక్కగట్టే సిర్స్ అనే స్ట్రక్చరల్ రిజర్వ్ స్టడీ పూర్తయింది, బిల్డింగ్ గట్టిదనం చూసే 30 ఏళ్ల మైల్‌స్టోన్ ఇన్‌స్పెక్షన్ రిపోర్టూ ఉంది. 590 వాళ్లు బడ్జెట్ మాత్రమే పంపారు. స్టడీ "జరుగుతోంది" అన్నారు. బోర్డు మీటింగుల మినిట్స్ అడిగి అడిగి తీసుకున్నాను, మూడు మీటింగుల్లో "బాల్కనీ రిపేర్ అంచనా, తదుపరి సమావేశానికి వాయిదా" అని ఉంది.

ఇనుము_సిమెంటు
ఆ స్టడీకి గడువు 2024 చివర ఉండేది, 2025 చివరకి పొడిగించారు. బాల్కనీల ఫొటోలు కిందనుంచి తీసి చూడండి. అంచుల వెంట గోధుమరంగు తుప్పు చారలు కనిపిస్తే నాకు రాయండి.

కోశాధికారి_64
ఒప్పందం మీద సంతకం పెట్టినా దారి ఉంది. 2025 చట్టం తర్వాత రీసేల్ (పాత ఓనర్ దగ్గర) కొనేవాళ్లకి, పత్రాలు అందాక రద్దు చేసుకోవడానికి, శని ఆదివారాలూ సెలవులూ కాకుండా ఏడు రోజులు ఉంటుంది. ఇదివరకు మూడే.

నాన్నకోసం గారూ, అదే చట్టం మెజారిటీ ఓటుతో రిజర్వ్‌కి బదులు బ్యాంకు అప్పు తెచ్చుకోనిస్తోంది. మైల్‌స్టోన్ ఇన్‌స్పెక్షన్ అయ్యాక, ఆ రిపేర్లకి డబ్బు మళ్లించడానికి రెండేళ్ల దాకా రిజర్వ్ ఆపుకోవచ్చు కూడా. మేం రిపేర్లకి పదేళ్ల అప్పు తీసుకున్నాం. ఒకేసారి కట్టగలిగినవాళ్లు కట్టేశారు, మిగిలినవాళ్లు వాయిదాల్లో. మా దగ్గర 70 దాటినవాళ్లు పంతొమ్మిది మంది, ఒక్కరూ ఇల్లు వదలలేదు. మీ నాన్నగారి బోర్డులో ఈ మాట ఎవరైనా ఎత్తారా?

నాన్నకోసం
లేదు. వడ్డీ కూడా మళ్లీ ఆ కట్టలేనివాళ్ల మీదే పడుతుంది కాబట్టి ఇది పూర్తి న్యాయమని ఇప్పటికీ అనను. కానీ నాన్నకి ఈ సాయంత్రమే ఫోన్ చేసి చెబుతాను. వచ్చే నెల 9న వాళ్ల బోర్డు మీటింగ్ ఉంది, నేనే వెళ్తాను. మీ అప్పు తీర్మానం ఎలా రాశారో, పేర్లు తీసేసి ఇక్కడ పెట్టగలరా?