తాటిచెట్టంత అంటే ఉపమా, అతిశయోక్తా?

పదోక్లాసు నాన్న:
రేపు మా అమ్మాయికి తెలుగు పరీక్ష. అలంకారాలు చదివిస్తూ నేనే ఇరుక్కుపోయాను. "మా అన్నయ్య తాటిచెట్టంత పొడవున్నాడు" అనేది అతిశయోక్తి అని గైడులో ఉంది. "చెట్టుతో పోలుస్తున్నాం కదా నాన్నా, 'అంత' అని కూడా ఉంది, ఉపమ ఎందుకు కాదు?" అంటోంది. జవాబు తెలీక ఇక పడుకోమన్నాను.

పాత పంతులు:
మంచి ప్రశ్నే అడిగిందండీ. పోలిక కనబడగానే ఉపమ అనుకోవద్దని చెప్పండి. "ఆమె ముఖం చంద్రబింబంలా అందంగా ఉంది" అన్నప్పుడు అందం రెండింటికీ ఉంది, మాట అక్కడితో ఆగింది. తాటిచెట్టు దగ్గర అసలు సంగతి కొలత. మనిషి ఎంత పొడగరైనా ఆరేడు అడుగులు, తాటిచెట్టేమో 60 అడుగులు కూడా పెరుగుతుంది, ఆ తేడాను కావాలనే మింగేసి మాట్లాడుతున్నాం. సమన్వయంలో, అంటే లక్షణం ఉదాహరణకు ఎలా సరిపోయిందో చెప్పేచోట, "ఎత్తును ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్పారు కాబట్టి" అనే ముక్క తప్పకుండా రాయమనండి. లక్షణం (నిర్వచనం) ఒక్కటే రాసి వదిలేసేవాళ్లే ఎక్కువ.

మిరపకాయ బజ్జీ:
అబద్ధానికీ అతిశయోక్తికీ తేడా మా బాబాయి దగ్గర నేర్చుకున్నా. "నా పెళ్లికి ఊరు ఊరంతా కదిలొచ్చింది" అంటే ఎవరూ ఏమీ అనరు. "1200 విస్తళ్లు లేచాయి" అన్నరోజు మాత్రం పిన్ని అందుకుంది, వంట చేయించిందే 400 మందికి, అందులోనూ సాంబారు మిగిలిందని. వినేవాడు నమ్మేలా ఉంటే అబద్ధమే. "వెయ్యిసార్లు చెప్పాను" అంటే సరే, "17 సార్లు చెప్పాను" అంటే లెక్క అడుగుతారు.

కువలయం:
బడిలో చెప్పేది ఇందులో ఒక ముక్కేనండీ. లోకం హద్దు దాటించి చెప్పాలనుకోవడమే అతిశయోక్తి అని దండి తన సంస్కృత అలంకార గ్రంథం కావ్యాదర్శంలో అన్నాడు. అప్పయ్య దీక్షితులు అలాంటిదే మరో గ్రంథం కువలయానందంలో దీన్ని రకాలుగా విడదీశాడు. రూపకాతిశయోక్తికి ఆయన ఇచ్చిన ఉదాహరణ నాకు భలే ఇష్టం: రెండు నల్లకలువల్లోంచి వాడి బాణాలు వస్తున్నాయి చూడు. కళ్లు అనే మాటే లేదు, చూపులు అనే మాటా లేదు! ఇక్కడ సైజు పెంచిందేమీ లేదు, అసలు వస్తువునే దాచేశాడు. పరీక్షకు ఇదంతా అక్కర్లేదు, పాపను టెన్షన్ పెట్టకండి.

పదోక్లాసు నాన్న:
థాంక్సండీ అందరికీ. పొద్దున బండి మీద దింపుతూ కొలత సంగతి చెప్పాను, అర్థమైందంది. "మరి మీ సిలబస్ కొండంత ఉంది, ఇదేంటో చెప్పు" అన్నాను. "అది స్వభావోక్తి నాన్నా, ఉన్నది ఉన్నట్టు చెప్పడమే" అనేసి లోపలికెళ్లిపోయింది.